కల్లం పక్కన హెలిప్యాడ్

మార్చి 11, మంగళవారం

ఈ రోజు నలుగురు. భద్రాచలానికి ఫ్లైట్ టికెట్ ఎంత మేడం అని. భద్రాచలానికి ఫ్లైట్ లేదండీ అంటే దగ్గర్లో ఎయిర్‌పోర్ట్ ఏది అని. హైదరాబాద్, లేకపోతే విజయవాడ, రాజమండ్రి, అక్కడి నుంచి కారు అంటే అంత దూరమా అని నన్నే విసుక్కుంటారు, గోదావరి ఒడ్డున విమానాశ్రయం కట్టకుండా నేనే అడ్డం పడ్డట్టు. ఒకాయన రైలు దిగగానే గుడి కనిపిస్తుంది కదా, స్టేషన్ పేరే భద్రాచలం రోడ్ కదా అన్నాడు. ఆ స్టేషన్ కొత్తగూడెంలో ఉంది, గుడికి ఇంకా నలభై కిలోమీటర్లు అని చెప్పాను. ఫోన్ పెట్టేశాడు.

పదకొండేళ్లుగా ఖమ్మంలో ఇదే ట్రావెల్స్, ఇదే కుర్చీ. మా ఓనర్ కుమారస్వామి సార్ ఎదురుగా కూర్చుని టూత్‌పిక్‌తో పళ్లు కుట్టుకుంటూ ఉంటాడు. కుట్టుకుని దాన్ని చూస్తాడు. చూసి మళ్లీ కుట్టుకుంటాడు.

మా ఆయన మంగయ్య గనిలో షిఫ్టు చేసి ఇల్లెందు నుంచి వచ్చి, తిని పడుకుంటాడు. ఇవన్నీ ఆయనకేం చెప్పను. అందుకే రాస్తున్నాను.

మార్చి 15, శనివారం

హరిప్రసాద్ గారని ఒకాయన వచ్చారు. సత్తుపల్లి దగ్గర పొలాలున్న కుటుంబం. తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డారట. ఈయన హైదరాబాద్‌లో ప్లాట్ల వ్యాపారం. వాళ్లమ్మ రాఘవమ్మ గారికి ఎనభై రెండేళ్లు. సీతారాముల కల్యాణానికి గోటి తలంబ్రాలు ఇస్తానని మొక్కుకుందట. నాలుగు నెలలుగా వడ్లను గోళ్లతో ఒక్కొక్కటే ఒలుస్తోందట, గింజ విరగకుండా. నవమి లోపల వాటిని తన చేత్తో గుడిలో అప్పగించాలి. మోకాళ్లు పనిచేయవు, అన్ని గంటలు కారులో కూర్చోలేదు. కాబట్టి హెలికాప్టర్.

హెలికాప్టర్ కంపెనీతో మాట్లాడడం, అనుమతులు, దిగడానికి చోటు వెతకడం అన్నీ నా మీద పెట్టాడు కుమారస్వామి సార్. మన నాగలత చేతిలో పెడితే అయిపోయినట్టే అని ఆయన ముందు అన్నాడు. నాకు సంతోషం కలిగింది. ఎవరూ చదవరు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను. చాలా సంతోషం కలిగింది.

తల్లి కోసం ఇంత చేసే కొడుకులు ఎక్కడున్నారు.

మార్చి 18, మంగళవారం

ఆరు సీట్లు. తల్లి, కొడుకు, ఆయన వ్యాపారంలో పెట్టుబడి పెట్టబోయే ముగ్గురు, వీడియో తీసే అతను. కోడలికి సీటు లేదు. పెద్దామెకు తోడుగా ఒక ఆడమనిషి ఉంటే మంచిదేమో అన్నాను. ఎత్తి కూర్చోబెడతాం, దింపేస్తాం, అంతే కదా అన్నారు హరిప్రసాద్ గారు. సూట్‌కేసు గురించి చెప్పినట్టే చెప్పారు. ఫోన్లో వెనక ముసలామె గొంతు వినిపించింది. 'బస్సు' అన్న మాట ఒక్కటే తెలిసింది. ఆయన మాట్లాడుతూనే ఉన్నారు.

చోటు దొరకడం లేదు. భద్రాచలంలో ఉన్న మైదానాలన్నీ నవమి ఏర్పాట్లకు తీసుకున్నారు. బడుల ఆవరణలు అడిగితే పదో తరగతి పరీక్షలన్నారు. నది ఇవతలి ఒడ్డున ఎక్కడైనా చేను చూడమన్నాడు సార్.

మార్చి 20, గురువారం

చాంది వాళ్ల చేను గుర్తొచ్చింది. ఫోన్ చేయను.

మార్చి 21, శుక్రవారం

చేశాను.

మార్చి 23, ఆదివారం

తండాకు వెళ్లివచ్చాను. చాందిని చూసి ఆరేళ్లయింది. టేకులపల్లి హాస్టల్లో ఐదేళ్లు ఒకే గదిలో పడుకున్నాం ఇద్దరం. నాకు జ్వరమొస్తే మా అమ్మకు కబురు అందేలోపు చాందే నన్ను దవాఖానాకు తీసుకుపోయింది. దాన్ని గోదావరికి ఇవతల, అడవి అంచున ఉన్న ఈ తండాకు ఇచ్చారు. భర్త బిచ్యా నెమ్మదైన మనిషి. ఇద్దరూ కలిసి మిర్చి వేస్తారు.

చేను బాగుంది. చదును. కోత అయిపోయి మోళ్లు కూడా పీకేశారు. తారు రోడ్డు పక్కనే. గుడికి కారులో అరగంట. అయితే చేను గట్టు అవతలే కల్లం. నేలంతా ఎర్రగా మిర్చి పరిచి ఉంది. దగ్గరికి పోగానే తుమ్ములు వచ్చాయి.

కంపెనీ పంపిన కాగితంలో రాసి ఉంది: దిగే చోటు నుంచి వంద మీటర్ల వరకు గాలికి లేచేది ఏదీ ఉండకూడదు. కల్లం యాభై మీటర్లు కూడా లేదు. ఆ సంగతి బిచ్యాకు చెప్పాను. అతను కాయను చేత్తో నలిపి చూపించాడు.

"ఇంక పచ్చిగనే ఉన్నదక్కా. ఇప్పుడు కుప్ప జేస్తే బూజు పడ్తది. నవమికి ముందు రోజంటున్నరు గద, గప్పటికి ఎండి బస్తాలకు ఎక్కుతది. ఏం ఫికర్ లేదు."

ఐదో తారీఖు అని ఖాయం చేసుకున్నాం. బిచ్యా ఇంకా ఏదో ఆలోచిస్తుంటే చాంది అంది, "లత చెప్తున్నది గదా. మనకు నష్టమయ్యేది అది చెప్తదా?"

జొన్నరొట్టె పెట్టింది. రెండు తిన్నాను.

మార్చి 29, శనివారం

నిన్న సాయంత్రం జల్లు పడిందట. కల్లం తడిసింది. మళ్లీ మొదటి నుంచి ఎండబెడుతున్నారు.

ఏప్రిల్ 1, మంగళవారం

నాలుగో తారీఖు నుంచి అటువైపు ప్రైవేటు హెలికాప్టర్లు రాకూడదన్నారు. నవమికి మంత్రులు, పెద్దవాళ్లు వస్తారు కాబట్టి. హరిప్రసాద్ గారు మూడో తారీఖుకు మార్చేశారు. నన్ను అడగలేదు, చెప్పారు.

బిచ్యాకు ఫోన్ చేశాను. రెండు దినాల్లో ఎట్లయితది అన్నాడు. పరదాలు కప్పి చుట్టూ రాళ్లు పెడితే చాలన్నాను. చాలని నాకెవరూ చెప్పలేదు. కంపెనీని అడిగి ఉండొచ్చు. అడిగితే వద్దంటారని తెలుసు, అందుకే అడగలేదు. కుమారస్వామి సార్ కూడా అదే అన్నాడు, పుల్ల పంటి సందులో పెట్టుకునే: "వాళ్లను అడిగితే వద్దంటరు. మనం అడుగుడెందుకు."

ఆయన నోట్లోంచి వచ్చిన మాట నా తలలో ముందే ఉంది. అది తలుచుకుంటే రోతగా ఉంది. కానీ పరదా గట్టిదే. పది నిమిషాల గాలి. ఏం కాదు.

ఏప్రిల్ 2, బుధవారం

తండాకు పోయి నాలుగు ఫోటోలు తీసి కంపెనీకి పంపాను. తూర్పు, దక్షిణం, పడమర, మళ్లీ తూర్పు. కల్లం ఉత్తరాన ఉంది. కాగితంలో 'చుట్టూ ఖాళీ' అన్నచోట టిక్కు పెట్టి సంతకం చేశాను. ఫోటోల్లో కనిపించినంత వరకు ఖాళీయే.

చాంది, బిచ్యా ఎండలో రాళ్లు మోస్తున్నారు. నీలం పరదాల అంచుల మీద వరుసగా పెడుతున్నారు. ట్యాంకర్ వచ్చి చేనంతా నీళ్లు చల్లింది, దుమ్ము లేవకుండా.

ఏప్రిల్ 3, గురువారం

పొద్దున తొమ్మిదిన్నరకు హెలికాప్టర్ వచ్చింది. కిందికి దిగుతుండగా పరదాలు ఉబ్బాయి. మొదట ఒక మూల లేచింది, తర్వాత మొత్తం లేచాయి. మిర్చి పైకి లేచింది. ఎండిన పైపొర పొడిగా మారి ఎర్రటి మబ్బులాగా చేనంతా కమ్మేసింది. చాంది ఒక పరదాను పట్టుకోవడానికి పరుగెత్తింది. పరదా అంచుకున్న ఇనుప రింగు తన కుడి కంటికి తగిలింది. నేను వెంటనే చాంది దగ్గరికి పరుగెత్తి, నీళ్లతో కళ్లు కడిగాను. బిచ్యాకు ధైర్యం చెప్పాను. మా కారులోనే భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయాను.

నా చేతనైనంత చేశాను. నా తప్పేం లేదు. గాలి ఎంత వస్తుందో ఎవరు చెప్పగలరు.

ఏప్రిల్ 4, శుక్రవారం

నిన్న రాసింది అబద్ధం.

నా డైరీలో నాకే అబద్ధం రాసుకున్నాను. పొద్దున తీసి చదువుకున్నాను. మళ్లీ రాస్తాను.

మబ్బు లేవగానే నేను కారులోకి దూకాను. అద్దాలు పైకెత్తాను. నా పక్క సీట్లో కుమారస్వామి సార్ చేతిరుమాలు ముక్కుకు పెట్టుకుని ఉన్నాడు. ఏసీ వేయమన్నాడు, డ్రైవర్‌తో వేయించాను. అద్దంలోంచి చాంది కనిపిస్తూనే ఉంది. ఒక చేత్తో పరదా పట్టుకుని, రెండో చేత్తో కన్ను మూసుకుని మోకాళ్ల మీద పడిపోయింది. పరదాను వదల్లేదు. నేను తలుపు తీయలేదు. ఎంతసేపో తెలియదు. రెక్కలు ఆగి, ఎర్రదుమ్ము నేల మీద పడి, డ్రైవర్ దిగాక దిగాను. అప్పటికే బిచ్యా కళ్లు కడుగుతున్నాడు. నేను చెంబు మాత్రం అందించాను.

హరిప్రసాద్ గారు కూడా అంతే. ఆయనా, ఆయన మిత్రులూ హెలికాప్టర్ దిగి దగ్గుకుంటూ, తయారుగా ఉన్న కార్లలోకి పరుగెత్తారు. రాఘవమ్మ గారు మెట్టు మీదే కూర్చుండిపోయారు, ఒళ్లో తలంబ్రాల మూట పెట్టుకుని. ఆమెను తెచ్చింది కూడా బిచ్యానే. భార్యకు నీళ్లు పోసి, తండా నుంచి పరుగెత్తుకొచ్చిన వాళ్లక్కకు అప్పగించి, పోయి ఆ ముసలామెను రెండు చేతుల మీద ఎత్తుకొచ్చి తన ఇంట్లో మంచం మీద కూర్చోబెట్టాడు.

పైలట్ కళ్లు తుడుచుకుంటూ వచ్చి ఈ చోటు సరిగ్గా ఉందని ఎవరు సంతకం పెట్టారు అని అడిగాడు. నేనేనని చెప్పలేదు.

రాఘవమ్మ గారు మూట విప్పారు. తెల్లటి గింజల మీద ఎర్రగా పొడి. వాసన చూసి మళ్లీ కట్టేశారు. ఇవి దేవుడికి పనికిరావన్నారు. కొడుకు గుమ్మం ముందు కారు ఆపి, అద్దం దించి, ఎవరికి తెలుస్తుందమ్మా, పైన దులిపి ఇచ్చేద్దాం అన్నాడు. ఆమె రానంది. ఆయన మూట తీసుకుని, మిత్రులనూ వీడియో అతన్నీ వెంటబెట్టుకుని గుడికి వెళ్లిపోయాడు. తల్లి నాలుగు నెలలు ఒలిచిన గింజలను తానే పళ్లెంలో పెట్టుకుని వీడియో తీయించుకున్నాడు. సాయంత్రానికి అది అందరి ఫోన్లలోకి వచ్చింది. కింద మూడు వందల మంది 'జై శ్రీరామ్' పెట్టారు. మా సార్ కూడా పెట్టాడు.

చాందిని, రాఘవమ్మ గారిని ఒకే కారులో ఎక్కించాం. ముసలామె చాంది తలను తన భుజానికి ఆనించుకుని కూర్చున్నారు. దారిలో ఒక్కసారి నావైపు తిరిగారు. "నేను బస్సులో వస్తానన్నానమ్మాయ్. మెల్లగా, మధ్యలో ఒక రాత్రి ఎక్కడైనా ఆగి. మా వాడు వినలేదు సరే, నిన్ను కూడా అడగమన్నాను. అడిగాడా?"

అడగలేదన్నాను. ఆ వేళ ఫోన్లో నాకు వినిపించిందని చెప్పలేదు.

నల్లగుడ్డు మీద గీత పడిందన్నాడు దవాఖానాలో డాక్టర్. చూపు ఎంత వస్తుందో ఇప్పుడే చెప్పలేనన్నాడు. మిర్చిలో సగం తుప్పల్లోకి పోయింది. మిగతా సగం ట్యాంకర్ తడిపిన బురదలో ఉంది.

ఏప్రిల్ 6, ఆదివారం

కల్యాణం టీవీలో వస్తోంది. తలంబ్రాలు పోసే ముందే కట్టేశాను.

ఏప్రిల్ 7, సోమవారం

కంపెనీ రాతపూర్వకంగా సంజాయిషీ అడిగింది. కుమారస్వామి సార్ ఉత్తరం టైపు చేయించి నా ముందు పెట్టాడు. కల్లం తీసేయమని రైతులకు ముందే చెప్పామట. తీసేశామని వాళ్లు నమ్మబలికారట. ఆ రోజు పొద్దున మాకు తెలియకుండా మళ్లీ మిర్చి పరిచారట. కింద నా పేరు.

ఇట్లా కాదు కదా సార్ అన్నాను. తండా వాళ్ల కోసం మన ఆఫీసు మూసుకుంటమా అన్నాడు. హరిప్రసాద్ గారితో మాట్లాడానని, వాళ్లకు ఏదో ఒకటి చేయిస్తాడని, ముందు ఈ కాగితం పోవాలని చెప్పాడు. ఆ 'ఏదో ఒకటి' అన్నప్పుడు ఆయన చిటికెన వేలితో చెవి గోక్కుంటున్నాడు.

సంతకం పెట్టాను.

ఏప్రిల్ 8, మంగళవారం

ఉత్తరం పోయింది. మధ్యాహ్నం పచ్చడి ముద్ద నోట్లో పెట్టుకుని ఉమ్మేశాను.

ఏప్రిల్ 9, బుధవారం

ఆఫీసులో అందరూ మామూలుగానే ఉన్నారు. నేనూ మామూలుగానే ఉన్నాను. అరకు ప్యాకేజీ ఒకటి బుక్ చేశాను. కస్టమర్ మంచిగా మాట్లాడుతున్నారు మేడం అన్నాడు.

సాయంత్రం నా బ్యాగులో చార్జర్ వెతుకుతూ మంగయ్య ఆ ఉత్తరం కాపీ చూశాడు. రెండుసార్లు చదివాడు. ఆయనకు కోపమొస్తే అరుస్తాడు, నేనూ అరుస్తాను, అయిపోతుంది. ఈసారి అరవలేదు. కాగితాన్ని ఎట్లా ఉన్నదో అట్లాగే మడిచి బ్యాగులో పెట్టి, "చాందికి సదివి వినిపించినవా?" అని మాత్రం అడిగాడు. లేదన్నాను. స్నానానికి వెళ్లిపోయాడు.

అది చాందికి అర్థం కాదు, ఇంగ్లీషులో ఉంది అని ఆయన వెనకాల అన్నాను. అన్నాక నా గొంతు నాకే అసహ్యమేసింది. హాస్టల్లో నాకు ఇంగ్లీషు వ్యాసాలు రాసిపెట్టిందే చాంది.

ఏప్రిల్ 11, శుక్రవారం

సెలవు పెట్టి తండాకు పోయాను. చాంది గడప దగ్గర కూర్చుని ఉంది. కుడి కంటికి కట్టు. ఎడమ కన్ను కూడా ఎర్రగా ఉబ్బి ఉంది. ముందు బురదలోంచి ఏరి తెచ్చిన కాయల గంప. మంచివేవో చూపు ఆనక తడిమి తీస్తోంది.

నారింజపండ్లు తీసుకుపోయాను. తీసుకోలేదు. తీసుకోకపోవడం కూడా కాదు, గంప దగ్గర పెడితే పక్కకు జరిపి తన పని చేసుకుంది.

నేనే మొదలుపెట్టాను. కల్లం వైపు ఫోటో ఎందుకు తీయలేదో చెప్పాను. పరదాలు చాలని ఎవరూ అనలేదని చెప్పాను. ఉత్తరం బయటికి తీశాను. తను ఎడమ కంటికి దగ్గరగా పెట్టుకుని, ఒక్కో వరుసా వేలితో జరుపుకుంటూ చదివింది. చదవడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ నేను నిలబడే ఉన్నాను.

చదివాక నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను కూడా. ఆ కోరికలో కూడా నా సుఖమే ఉందని ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

"గిది బిచ్యాకు జెప్పకు," అంది. "గాయన తనే తప్పు జేసిననని కల్లం కాడ్నే ఏడుస్తున్నడు. రాళ్లు చిన్నయి పెట్టిన అంటున్నడు. ముందుగాల ఆ కంపెనీకి చెప్పు. ఆళ్లు నమ్మినంక గాయనకు నేనే చెప్త."

సరేనన్నాను. ఏడుపొచ్చింది. అది చూసి మొహం తిప్పుకుంది.

"నా ముంగట ఏడ్వకు లతా. నాకిప్పుడు కన్నీళ్లొస్తే కన్ను మండుతది."

ఏప్రిల్ 12, శనివారం

పొద్దున్నే కంపెనీకి రాశాను. మొదటి ఉత్తరం అబద్ధమని, కల్లం ఉత్తరాన యాభై మీటర్ల లోపలే ఉందని, అది తెలిసే సంతకం పెట్టానని. బిచ్యాకు నేను చెప్పిన మాటలు చెప్పినట్టే రాశాను. రెండో తారీఖున వాళ్లు రాళ్లు మోస్తుండగా నా ఫోన్లో పడిన ఒక ఫోటో ఉంది, అదీ పెట్టాను. సార్‌కు ఒక కాపీ టేబుల్ మీద పెట్టాను.

సోమవారం నుంచి రావద్దన్నాడు. చాలా మర్యాదగా అన్నాడు. నా కుర్చీలో ఎవరు కూర్చుంటారో కూడా చెప్పాడు. మెట్లు దిగుతుంటే నాకు తేలిగ్గా అనిపిస్తుందనుకున్నాను. అనిపించలేదు. నోట్లో అదే వెగటు.

హరిప్రసాద్ గారు ఫోన్ చేసి, మీరు కూడా మనలో మనిషే అనుకున్నాను మేడం అన్నారు. ఇన్నాళ్లూ నేను కోరుకున్న మాట అదే. పెట్టేశాను.

ఏప్రిల్ 16, బుధవారం

రాఘవమ్మ గారు ఎవరి ఫోన్ నుంచో మాట్లాడారు. చాంది ఎట్లా ఉందని అడిగారు. కంపెనీ వాళ్లు వస్తే తాను చూసింది తానూ చెబుతానన్నారు. కొడుకు వద్దంటున్నాడట. "వాడు వద్దనేది నా మోకాళ్ల గురించి కాదులే అమ్మాయ్," అన్నారు.

ఏప్రిల్ 19, శనివారం

కంపెనీ మనిషి తండాకు వచ్చాడు. నన్నూ రమ్మన్నాడు. టేపు పట్టి కొలిచాడు. చేను మధ్య నుంచి కల్లం దాకా నలభై మూడు మీటర్లు. తుప్పల్లో ఇంకా ఎర్రగా కాయలు వేలాడుతున్నాయి, ఎవరో చెట్లకు గుచ్చినట్టు. బిచ్యా టేపు రెండో కొస పట్టుకున్నాడు. చాంది అప్పటికే అతనికి చెప్పేసిందని మొహం చూస్తే తెలిసింది. నన్ను అక్కా అనలేదు.

రాఘవమ్మ గారు రాలేదు. తను చెప్పింది మనవరాలితో రాయించి, వేలిముద్ర వేసి పంపారు. కొడుకు ఎవర్ని వదిలేసి కారెక్కాడో కూడా అందులో ఉంది.

మంచం వాల్చి కంపెనీ మనిషిని కూర్చోబెట్టారు. అతను ఒక్కొక్కటే అడిగి కాగితం మీద రాసుకున్నాడు. సంతకం ఎవరిది, ఫోటోలు ఎవరు తీశారు, పరదాలు కప్పమని ఎవరు చెప్పారు. అన్నిటికీ నేనే అన్నాను. తండావాళ్లు చుట్టూ నిలబడి వింటున్నారు. అన్నీ అయిపోయాయనుకుంటుండగా, ఈమెకు దెబ్బ తగిలినప్పుడు మీరెక్కడున్నారు మేడం అని అడిగాడు.

నా ఉత్తరంలో అది రాయలేదు. అన్నీ రాసి అది ఒక్కటి వదిలేశాను. మరిచిపోయి కాదు.

"కారులో," అన్నాను. "అద్దాలు ఎత్తుకొని. కనబడుతూనే ఉంది. దిగలేదు."

అది రిపోర్టుకు అవసరం లేదులెండి అని అతను పెన్ను మూయబోయాడు. గడప దగ్గర నుంచి చాంది అంది, "రాసుకో సారూ. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకో."

అతను రాశాడు. రాసింది మొత్తం అందరికీ తెలుగులో చదివి వినిపించాడు. నేను సంతకం పెట్టాను. సాక్షి కావాలన్నాడు. బిచ్యా ముందుకు రాబోతే చాంది అతన్ని ఆపి తనే లేచి వచ్చింది. మంచం పట్టె తడుముకుని నా పక్కన వంగింది. ఒక్క కంటితో పెట్టిన సంతకం గీత తప్పి కిందికి జారింది.

పెన్ను కోసం నేను చెయ్యి చాపాను. చాంది దాన్ని నా చేతికి ఇవ్వకుండా మంచం మీద పెట్టి, గంప దగ్గరికి వెళ్లిపోయింది.